కారవాన్ వచ్చింది, రాత్రి ఆగే చోటు రాలేదు: తీర జిల్లాల అధికారులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ తీర జిల్లాల పర్యాటక, రవాణా, పోలీసు, పంచాయతీరాజ్ శాఖల అధికారులకు, తీర గ్రామాల సర్పంచులకు నమస్కారం.

విషయం: చిన్నపిల్లలతో కారవాన్లలో (లోపలే పడకలు, వంటకు చోటు, మరుగుదొడ్డి ఉండే పెద్ద బండ్లలో) ప్రయాణించే కుటుంబాలకు తీరం పొడవునా సురక్షితమైన రాత్రి బస, మురుగు వదిలే ఏర్పాటు, బీచ్‌ల వద్ద రక్షణ కల్పించడం గురించి.

అయ్యా, అమ్మా,

2024 డిసెంబరులో ప్రకటించిన పర్యాటక విధానంలో రాష్ట్ర ప్రభుత్వం ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. ఆ మరుసటి ఏడాది కారవాన్ పర్యాటకానికి ప్రత్యేక విధానాన్ని కూడా తెచ్చింది. రెండింటినీ మేము మనస్ఫూర్తిగా స్వాగతించాము. అయితే ఆనాటి నుంచి బండిలోని పరుపుల గురించి, టీవీల గురించి, ప్యాకేజీల ధరల గురించి జరిగినంత చర్చ, ఆ బండి పొద్దుగూకాక ఎక్కడ ఆగాలన్న ప్రశ్న మీద జరగలేదు. మేము అడగదలచినదంతా ఈ ఒక్క ప్రశ్నలోనే ఉంది.

మేము అద్దె కారవాన్లలో పిల్లాపాపలతో తీరం వెంట ప్రయాణించిన కొన్ని కుటుంబాలవాళ్లం. ఉద్యోగాలు చేసుకుంటూ, సెలవుల కోసం ఏడాదంతా డబ్బు కూడబెట్టుకునే మామూలు మనుషులం. మాకు ఎదురైన ఇబ్బందులను వినతి పత్రాల రూపంలో కొన్ని కార్యాలయాలకు ఇచ్చాము. అందినట్టు ముద్ర వేసి ఇచ్చారు, ఆ తరువాత ఏ కబురూ లేదు. ఒకచోట ఇది తమ శాఖ పని కాదన్నారు. ఆ శాఖకు వెళితే వాళ్లు మళ్లీ మొదటి శాఖనే చూపించారు. అందుకే అందరినీ కలిపి ఈ లేఖ రాస్తున్నాము.

మన తీరం పొడవు పాత లెక్కలో 974 కిలోమీటర్లు, కేంద్రం ఇటీవల కొత్తగా కొలిపించిన లెక్కలో 1,053 కిలోమీటర్లు. ఇచ్ఛాపురం దగ్గర రాష్ట్రంలోకి వచ్చి తడ దగ్గర బయటికి వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి, కత్తిపూడి దగ్గర దాని నుంచి విడిపోయి కాకినాడ, అమలాపురం, నరసాపురం, మచిలీపట్నం, బాపట్ల, చీరాల మీదుగా ఒంగోలు చేరే 216వ నంబరు రహదారి ఈ తీరానికి రెండు ఊపిరితిత్తులు. కళింగపట్నం దీపస్తంభం, భీమునిపట్నంలో గోస్తని సముద్రంలో కలిసే చోటు, కోరంగి మడ అడవులలో చెక్కబాట, అంతర్వేదిలో వశిష్ఠ గోదావరి సాగర సంగమం, సూర్యలంక ఇసుక, చలికాలంలో పులికాట్ సరస్సులో దిగే రాజహంసలు: ఇవన్నీ ఒక్క ప్రయాణంలో పిల్లలకు చూపించగల తీరం దేశంలో ఎన్ని రాష్ట్రాలకు ఉంది? భూగోళం పాఠం పుస్తకంలో చదివిన పిల్లవాడు నది సముద్రంలో కలిసే చోట నిలబడి ఒక పక్క నీళ్లు చప్పగా, మరో పక్క ఉప్పగా ఉన్నాయని చేత్తో రుచి చూసి చెప్పడం మేము కళ్లారా చూశాము.

చిన్నపిల్లలున్న కుటుంబాలు హోటళ్లను వదిలి కారవాన్‌ను కోరుకోవడానికి కారణం విలాసం కాదు. పసిబిడ్డకు వేళకు పాలు కాచుకోవచ్చు. కారం తినలేని పిల్లలకు మెత్తగా పప్పన్నం వండి పెట్టుకోవచ్చు. దారిలో ఆకలన్నా, నిద్రన్నా, బాత్రూమ్ అన్నా బండి పక్కకు తీసి ఆపితే సరిపోతుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మను, తాతయ్యను కూడా వెంట తీసుకుపోవచ్చు. ముఖ్యంగా తీరంలో హోటళ్లు విశాఖపట్నం, కాకినాడ వంటి నగరాల చుట్టూనే గుమికూడి ఉన్నాయి. బారువ, పేరుపాలెం, హంసలదీవి, కొత్తపట్నం వంటి చోట్ల కుటుంబంతో రాత్రి ఉండదగిన గదులు తక్కువ. ఆ లోటును తీర్చగలిగే బండి ఇది. కానీ దాన్ని ఆపుకోవడానికి హద్దులు గీసిన నేల ఎక్కడా కనబడదు.

మా వాళ్లలో ఒక కుటుంబానికి జరిగినది చెబుతాము. ఊరి పేరు చెప్పము, ఎందుకంటే తప్పు ఆ ఊరిది కాదు. బీచ్ పార్కింగ్‌లో డబ్బు కట్టి, రసీదు తీసుకుని, రాత్రికి ఉండవచ్చా అని అడిగి, సరేనన్నాకే బండి ఆపారు. అర్ధరాత్రి దాటాక అద్దం మీద లాఠీతో కొట్టిన చప్పుడుకు ముగ్గురు పిల్లలూ ఉలిక్కిపడి లేచారు. గస్తీకి వచ్చిన కానిస్టేబుల్ మర్యాదగానే మాట్లాడాడు. “రాత్రిపూట బీచ్‌లో ఎవరూ ఉండకూడదండీ, మాకు పైనుంచి ఆర్డరు. ఏదైనా అయితే నా ఉద్యోగం పోతుంది” అన్నాడు. అతని భయమూ న్యాయమే. ఉదయం నుంచి బండి నడిపి అప్పుడే కన్ను మూసిన డ్రైవర్ మళ్లీ స్టీరింగ్ ముందు కూర్చుని, హైవే మీద లారీలు ఆగే చోటికి చేరేసరికి తెల్లవారుజాము అయింది. దారిలో ఆ డ్రైవర్‌కు నిద్ర పట్టకుండా ఉండేందుకు బిడ్డల తల్లి ముందు సీటులో కూర్చుని గంటసేపు ఏవేవో కబుర్లు చెబుతూనే ఉంది. రసీదు ఇచ్చిన పంచాయతీ మనిషికి, లేపిన పోలీసుకు, ఆ కుటుంబానికి ముగ్గురికీ ఒకే నిబంధన తెలిసి ఉంటే ఆ రాత్రి అలా గడిచేది కాదు.

ఈ నేపథ్యంలో మా విన్నపాలను కింద వరుసగా ఉంచుతున్నాము.

1. రాత్రి బసకు గుర్తించిన స్థలాలు. రెండు రహదారుల వెంట, బీచ్‌లకు దగ్గరగా, కారవాన్లు రాత్రి నిలపదగిన చోట్లను జిల్లాలవారీగా గుర్తించి, ఆ జాబితాను పోలీసు స్టేషన్లకు, పంచాయతీలకు, బండ్ల యజమానులకు ఒకే ఉత్తర్వుగా పంపండి. దీనికి కోట్ల రూపాయల రిసార్టులు అక్కరలేదు. చదునైన నేల, ప్రహరీ, ఒక కాపలా మనిషి, రెండు కుళాయిలు, కరెంటు బోర్డు ఉంటే చాలు. పాఠశాలల సెలవుల్లో ఖాళీగా ఉండే ప్రభుత్వ స్థలాలు, తుపాను షెల్టర్ల ఆవరణలు, పర్యాటక శాఖ అతిథి గృహాల వెనుక ఉన్న ఖాళీ జాగాలు ఇందుకు పనికివస్తాయేమో పరిశీలించండి. కేరళ ప్రభుత్వం 2021లోనే తన కారవాన్ పథకాన్ని ప్రకటించినప్పుడు బండ్లతోపాటు కారవాన్ పార్కులను కూడా అందులో భాగం చేసింది. బండికి అనుమతి ఇచ్చి పార్కును తరువాత చూద్దామనుకుంటే, ఆ మధ్యకాలమంతా పిల్లలు హైవే పక్కన, లారీల నడుమ నిద్రపోవలసి వస్తుంది.

2. కరెంటు ప్లగ్గు. ఇది సౌకర్యానికి సంబంధించిన విషయమని చాలామంది అనుకుంటున్నారు. ప్రాణానికి సంబంధించినదని మేము మనవి చేస్తున్నాము. తీరంలో ఉక్కపోత, దోమలు మీకు తెలియనివి కావు. కిటికీలు తెరిస్తే దోమలు, మూస్తే ఉక్క. అందువల్ల ఏసీ వేయక తప్పదు. బయట ప్లగ్గు లేకపోతే ఇంజన్ గానీ జనరేటర్ గానీ రాత్రంతా నడపాలి. 2024 డిసెంబరులో కేరళలోని వడకర దగ్గర రోడ్డు పక్కన నిలిపి ఉంచిన కారవాన్‌లో ఇద్దరు చనిపోయారు. జనరేటర్ నుంచి వెలువడిన కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరడమే కారణమని పరీక్షల్లో తేలింది. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్న పెద్దవాళ్లకే మెలకువ రాలేదంటే పసిపిల్లల సంగతి వేరే చెప్పనక్కరలేదు. బసకు గుర్తించిన ప్రతిచోట 15 ఆంపియర్ల ప్లగ్గు పాయింట్లు, మీటరు లెక్కన వసూలు పెట్టండి. అద్దెకు తిరిగే ప్రతి కారవాన్‌లో కార్బన్ మోనాక్సైడ్ హెచ్చరిక పరికరం ఉంటేనే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇవ్వండి. ఆ పరికరం ఖరీదు ఒక్క రోజు అద్దెలో చిన్న భాగం.

3. మరుగుదొడ్డి తొట్టి ఖాళీ చేసే చోటు. ఈ మాట బయటికి చెప్పడానికి అందరూ మొహమాటపడుతున్నారు కనుక మేమే చెబుతాము. చిన్న కారవాన్లలో మరుగుదొడ్డి కింద ఉండే తొట్టి ఇరవై లీటర్లకు మించదు. పిల్లలున్న కుటుంబానికి అది రెండు రోజులలోపే నిండుతుంది. నిండాక ఏం చేయాలి? ఎక్కడ పోయాలో చెప్పే బోర్డు తీరం పొడవునా మాకు ఒక్కటి కూడా కనబడలేదు. చీకటిపడ్డాక ఏ ఉప్పుటేరులోనో, ఏ సరుగుడు తోటలోనో పోసి పోతున్నవాళ్లు ఉన్నారన్నది వాస్తవం. ఆ మరునాడు అదే ఏటిలో మత్స్యకారుల పిల్లలు ఈదుతారు, అదే తోటలో మేకలు మేస్తాయి. ఒక ఊరిలో చేపలు ఎండబెట్టుకుంటున్న ఒకావిడ మా అవస్థ చూసి, “మా దొడ్లోది వాడుకోండమ్మా, బిందెడు నీళ్లు పోస్తే చాలు” అంది. ఆమె మంచితనం మీద ప్రభుత్వ విధానం ఆధారపడకూడదు. మున్సిపాలిటీల మలవ్యర్థ శుద్ధి కేంద్రాలలో, పెద్ద బస్టాండ్లలో, రహదారి పక్కన జాతీయ రహదారుల సంస్థ నిర్మిస్తున్న విశ్రాంతి కేంద్రాలలో కారవాన్ తొట్లు ఖాళీ చేసుకునే గొట్టం, కడుక్కునే కుళాయి ఏర్పాటు చేయించండి, రుసుము పెట్టండి. అవి అందుబాటులోకి వచ్చాక కూడా బయట పోసేవారికి గట్టి జరిమానా వేయండి. మేమే మొదట సమర్థిస్తాము. ఈ పని మనుషుల చేత చేయించకుండా యంత్రాలతోనే జరిపించడం మీ బాధ్యత.

4. పిల్లల సీట్లు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 194బి సెక్షన్ ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలను సీటు బెల్టు గానీ, పిల్లల కోసం చేసిన ప్రత్యేక సీటు గానీ లేకుండా తీసుకువెళితే వెయ్యి రూపాయల జరిమానా ఉంది. చట్టం మంచిదే. కానీ అద్దెకు వచ్చే కారవాన్లలో చాలా వాటికి లోపల గోడవారగా వేసిన సోఫాలే ఉంటాయి. వాటికి బెల్టులు ఉండవు, ఉన్నా పక్కకు తిరిగి కూర్చున్న బిడ్డను అవి ఆపలేవు. ఊరి రోడ్డులో గతుకు తగిలితే స్టవ్ మీది పాలగిన్నె జారి పడటం మేము చూశాము. అదే హైవే మీద గట్టిగా బ్రేకు వేస్తే, ఆ గిన్నె స్థానంలో బిడ్డ ఉంటే ఏమవుతుందో ఊహించుకోవడానికే భయం వేస్తుంది. రవాణా శాఖవారు కారవాన్‌కు అనుమతి ఇచ్చేటప్పుడు ఎంతమంది ప్రయాణికులను రాస్తున్నారో, అన్ని సీట్లు ముందుకు తిరిగి, బెల్టులతో ఉన్నాయో లేదో చూడాలి. పడుకునే బెర్తులను లెక్కపెట్టి ప్రయాణికుల సంఖ్య నిర్ణయించే పద్ధతి ఎక్కడ ఉన్నా ఆపాలి. పిల్లల సీటు అడిగిన కుటుంబానికి అది ఇవ్వడం అద్దె షరతులలో తప్పనిసరి చేయాలి.

5. సముద్రం దగ్గర కాపలా. ఈ తీరంలో ఏటా ఎన్ని ఇళ్లలో దీపాలు ఆరిపోతున్నాయో మీకు మేము చెప్పనక్కరలేదు. 2022 జులైలో పూడిమడక దగ్గర ఇంజినీరింగ్ విద్యార్థులు కెరటాలకు కొట్టుకుపోయినప్పుడు రాష్ట్రమంతా కన్నీరు పెట్టింది. ప్రమాదం జరిగినప్పుడు బీచ్ మూయడం, కొన్నాళ్లకు తెరవడం, మళ్లీ ప్రమాదం జరగడం ఆనవాయితీగా మారింది. పైకి ప్రశాంతంగా కనిపించే చోటే ఒడ్డుకు వచ్చిన నీరు ఒక పాయగా కూడి మనిషిని లోపలికి లాగేస్తుందని బయటి ఊళ్ల నుంచి వచ్చే తల్లిదండ్రులకు తెలియదు. అల తక్కువగా ఉందని చూసి సరిగ్గా అక్కడే పిల్లలను దింపుతారు. మత్స్యకారులకు మాత్రం ఏ మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దగ్గర సముద్రం లాగుతుందో, ఏ పౌర్ణమికి పోటు ఎంత దూరం వస్తుందో చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ తెలివిని వాడుకోండి. స్థానిక యువకులకు శిక్షణ ఇచ్చి, గజఈతగాళ్లుగా నియమించి, ఏడాది పొడవునా జీతం ఇవ్వండి. పండుగ రోజుల్లోనూ కార్తీక మాసంలోనూ పెట్టి, తరువాత తీసేసే పద్ధతి వద్దు. దిగదగిన మేరను ఎర్ర, పసుపు జెండాలతో గుర్తించండి. “ఇచ్చట స్నానం చేయరాదు” అని తుప్పు పట్టిన ఒక బోర్డు పెట్టి ఊరుకోకుండా, ఎందుకు దిగకూడదో, ప్రవాహంలో చిక్కుకుంటే ఒడ్డుకు సమాంతరంగా ఎలా ఈదాలో బొమ్మలతో చూపండి. చదవడం రాని పిల్లలకు కూడా అది అర్థమవుతుంది. విశాఖలోని రుషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ) గుర్తింపు వచ్చింది. నిర్వహణ లోపాల వల్ల 2025లో ఆ జెండాను కొంతకాలం దించవలసి వచ్చి, మళ్లీ పునరుద్ధరించారు. అంటే కట్టడం ఒక ఎత్తు, రోజూ చూసుకోవడం మరో ఎత్తు. నిర్వహణకు విడిగా నిధులు లేని ఏ బీచ్ అభివృద్ధినీ అభివృద్ధిగా లెక్కపెట్టకండి.

6. తీర గ్రామాల హక్కు, ఆదాయం. మా సౌకర్యం కోసం మత్స్యకారుల నేల పోకూడదు. వలలు ఆరేసే చోటు, పడవలు లాగే రేవు, చేపలు ఎండబెట్టే మెరక ఇవన్నీ బయటివారికి ఖాళీ ఇసుకలాగే కనబడతాయి. అక్కడ బండి నిలిపినందుకు గొడవలు జరిగిన సందర్భాలు ఉన్నాయి. వాటిలో న్యాయం మత్స్యకారుల వైపే ఉంది. బస స్థలాల ఎంపికలో గ్రామసభ తీర్మానం తప్పనిసరి చేయండి. ఒక విషయాన్ని ప్రత్యేకంగా మీ దృష్టికి తెస్తున్నాము. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో చేపల వేట నిషేధం. మన బడుల వేసవి సెలవులు దాదాపు పూర్తిగా ఈ కాలంలోనే వస్తాయి. వేట లేక మత్స్యకార కుటుంబాలు భృతి కోసం ఎదురుచూసే రోజులలోనే, కారవాన్ కుటుంబాలు అన్నం కోసం, నీళ్ల కోసం, కాపలా కోసం, పిల్లలకు తీరం చూపించే మనిషి కోసం వెతుక్కుంటూ తిరుగుతున్నాయి. బస స్థలాల నిర్వహణను స్థానిక మహిళా స్వయం సహాయక సంఘాలకు, మత్స్యకార సహకార సంఘాలకు అప్పగిస్తే ఈ రెండు అవసరాలూ ఒకచోట తీరతాయి. టెండర్ల పేరుతో నగరంలోని కాంట్రాక్టర్‌కు కట్టబెడితే ఊరికి చెత్త మిగులుతుంది, ఆదాయం బస్సెక్కి వెళ్లిపోతుంది.

7. తాబేళ్లు, తీర నియమాలు. జనవరి నుంచి ఏప్రిల్ వరకు శ్రీకాకుళం మొదలుకొని మన తీరంలో చాలాచోట్ల ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. తెల్లని దీపాల వెలుగుకు తాబేలు పిల్లలు సముద్రం వైపు పోవడం మాని దారి తప్పుతాయి. ఆ బీచ్‌ల దగ్గర ఫ్లడ్‌లైట్లు గానీ, ఇసుక మీదికి బండ్లు దించడం గానీ ఉండకూడదు. తీర ప్రాంత నియంత్రణకు సంబంధించిన 2019 నోటిఫికేషన్ తాత్కాలిక మరుగుదొడ్లు, తాగునీటి ఏర్పాట్ల వంటి వాటికి షరతులతో వీలు కల్పిస్తోంది. కనుక కాంక్రీటు కట్టడాల జోలికి పోకుండానే మేము అడిగినవన్నీ చేయవచ్చు.

8. తుపాను రోజులు, దారి వివరాలు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను, 2023 డిసెంబరులో మిచౌంగ్ బాపట్ల తీరాన్ని, 2025 అక్టోబరులో మొంథా నరసాపురం పరిసరాలను తాకాయి. దసరా, దీపావళి సెలవులు ఈ కాలానికి అటూ ఇటూ వస్తాయి. ఎత్తయిన కారవాన్ ఈదురుగాలికి తట్టుకోదు. బస స్థలాలలో బుక్ చేసుకున్న ప్రతి కుటుంబానికీ వాతావరణ శాఖ హెచ్చరికలు, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే ఎత్తయిన అలల సమాచారం ఫోన్‌కు తెలుగులో చేరాలి. ఉప్పాడ తీరం రోడ్డు కోతకు గురైన ప్రతిసారీ అక్కడికి చేరుకున్నాక గానీ బయటివారికి ఆ సంగతి తెలియడం లేదు. బీచ్‌లకు వెళ్లే దారులలో రైలు వంతెనల కింద ఎంత ఎత్తు బండి పడుతుందో మెయిన్ రోడ్డు మలుపులోనే రాయించండి. రెండు కిలోమీటర్లు లోపలికి వెళ్లాక, వెనుక ఆటోలు, ట్రాక్టర్లు ఆగి ఉండగా అంత పెద్ద బండిని రివర్స్ చేయడం ఊరివాళ్లకూ కష్టమే, మాకూ కష్టమే.

వీటిలో ఏదీ కొత్త చట్టం కోరేది కాదు. చాలావరకు ఒక శాఖ మరో శాఖతో కూర్చుని మాట్లాడుకుంటే తెమిలే పనులే. అందువల్ల మా నిర్దిష్టమైన కోరికలు ఇవి. ప్రతి తీర జిల్లాలో కలెక్టర్ ఆధ్వర్యంలో పర్యాటక, రవాణా, పోలీసు, పంచాయతీరాజ్, మత్స్య శాఖల అధికారులతోపాటు మత్స్యకార ప్రతినిధులను, మహిళా సంఘాల సభ్యులను పిలిచి ఒక సమావేశం జరపాలి. వచ్చే వేట నిషేధ కాలం మొదలయ్యే ఏప్రిల్ 15లోపు జిల్లాకు కనీసం రెండు బస స్థలాలను గుర్తించి, అక్కడ రాత్రి ఉండేందుకు ఎవరికి, ఏ షరతులతో అనుమతి ఉందో తెలుగులో ప్రకటించాలి. అంతవరకు, అనుమతి పత్రాలున్న కారవాన్‌లో పిల్లలతో ఉన్న కుటుంబాన్ని అర్ధరాత్రి లేపి రోడ్డు మీదికి పంపకుండా, సమీపంలోని పోలీసు స్టేషన్ ఆవరణలోనైనా తెల్లవారేదాకా నిలుపుకోనివ్వాలని స్టేషన్లకు ఆదేశాలు ఇవ్వాలి. ఈ చివరి కోరికకు పైసా ఖర్చు లేదు, ఇవాళే చేయవచ్చు.

ఈ లేఖ ప్రతులను తీర జిల్లాల కలెక్టరేట్లకు స్పీడ్ పోస్టులో పంపుతున్నాము. లిఖితపూర్వకమైన సమాధానం కోరుతున్నాము. నెలరోజులలో అది అందకపోతే, ఏ శాఖ ఏ పని చేయాలో, ఎంతవరకు చేసిందో చెప్పమని 2005 సమాచార హక్కు చట్టం కింద ప్రతి జిల్లాలోనూ విడివిడిగా దరఖాస్తులు పెడతాము. వచ్చిన జవాబులను తీర గ్రామాల పంచాయతీ కార్యాలయాలకు కూడా అందజేస్తాము.

ఇట్లు,
తీరం వెంట పిల్లలతో కారవాన్లలో ప్రయాణించే కుటుంబాలు